జ్ఞాపకమెక్కడ నుండును?



కొట్టులోని చిట్టా పుస్తకమును చెదలు తినివేసినవనుకొనుడు. అప్పిచ్చినవాడున్నాడు, పుచ్చుకొన్నవాడున్నాడు, ఇచ్చిపుచ్చుకొన్న మాటయు నిజమే. పోయినది వ్రాత మాత్రమే. వ్రాత పోయినంత మాత్రమున కొట్టు యజమానియే లేడని ఎవరును అనరు. కాని మనుష్యుని విషయమున ఈ మాట అంత సులభముగా చెల్లదు. మనుష్యుని లోపల చిట్టా వేరు, యజమాని వేరు అని చూపుట ఎట్లు? చిట్టా చెడిన దినముననే యజమానియు కనబడకుండ పోవుచున్నాడు గదా!

ఈ ప్రశ్న పండిత సభలలో కంటె ఇండ్లలోనే ఎక్కువగా పుట్టుచున్నది. చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి బజారులలో తరతరములుగా కొట్లు పెట్టుకొని, గిరాకీలతో తెలుగును, కచేరీలో కన్నడమును మాట్లాడుకొనుచు బ్రతుకు జైన కుటుంబములలో ఒక దానిని ఉదాహరణముగా తీసికొనవచ్చును. ఊరు చింతామణి అనుకొనుడు. ఇంటి పెద్దకు ఎనుబది దాటినవి. నలుబదియైదేండ్లు బట్టల కొట్టులో గద్దె మీద కూర్చున్న మనిషి. బాకీదారుడు గుమ్మములో అడుగు పెట్టగానే వాని పేరు, తండ్రి పేరు, ఊరు, నిలువ బాకీ, పుస్తకము తెరువకయే చెప్పగలిగినవాడు. నేడు భోజనము చేసి చేయి కడుగుకొన్న అరగంటకు కోడలిని పిలిచి, "అన్నం పెట్టలేదేమమ్మా?" అని అడుగును. పగలు అడిగిన బాధ లేదు. దీపాలు పెట్టిన తరువాత అడుగును. ఏబదియేండ్లుగా సూర్యుడు క్రుంకిన పిదప మంచినీరైనను ముట్టని వ్రతము గల మనిషి! పెట్టినచో వ్రతభంగము, పెట్టకున్న ముసలివాని కంట నీరు. ఆ కోడలు ఏమి చేయవలెను?

అంతలో పర్యూషణ పర్వము ముగియవచ్చి సంవత్సరి దగ్గరపడినది. బాగేపల్లిలో ఆ పెద్దకు ఒక పాత భాగస్థుడున్నాడు. ఉమ్మడి కొట్టు విడిపోయిన నాడు సరుకు పంపకము దగ్గర మాటామాటా పెరిగి, ఇరువదేండ్లుగా ఇద్దరికిని పలుకరింపులు లేవు. ఆ భాగస్థుడు ఈ ఏడు తానే బస్సెక్కి వచ్చి క్షమాపణ చెప్పుకొందునని కబురు పంపెను. కుమారుడు పెదవి విరచెను. "ఆయన వచ్చి ఏం లాభం? నాయనకు కొట్టే జ్ఞాపకం లేదు, కొట్లాట జ్ఞాపకం ఉంటుందా? ఏం జరిగిందో తెలియనివాడు ఏం క్షమిస్తాడు? మెదడు ఎండిపోయింది. లోపల మనిషి లేడు."

ఈ చివరి మాటయే ఈ ప్రసంగమునకు విషయము.

కుమారుడు ధర్మము తెలియనివాడు కాడు. బెంగుళూరులో చదువుకొన్నవాడు, చదువులో విన్న మాటనే చెప్పినాడు. ఆ చదువును తేలికగా తీసివేయుటకు వీలులేదు. మనుష్యుని మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణములున్నవని లెక్క. ఒక కణమునకును మరియొక కణమునకును నడుమ సంధులుండును. రెండు కణములు పలుమారు కలిసి పనిచేసినచో వాని నడుమ సంధి బలపడుననియు, జ్ఞాపకమనగా అదియేననియు 1949లో కెనడా దేశపు డొనాల్డ్ హెబ్ చెప్పెను. 1973లో కుందేళ్ళ మెదడులో అట్టి బలము కలుగుట కంటికి కనబడెను. 2012లో అమెరికాలో సుసుము తొనెగావా ప్రయోగశాలవారు, ఒక చిట్టెలుక భయము నేర్చుకొన్నప్పుడు పనిచేసిన కణములకు గుర్తు పెట్టి, తరువాత వెలుతురు సోకించి ఆ కణములనే లేపిరి. భయకారణమేదియు లేకున్నను ఎలుక బిగుసుకొని నిలిచెను. ఇది చిన్న ఋజువు కాదు. దీనిని వినక చెవులు మూసికొనుట సమ్యక్ దర్శనమనిపించుకొనదు.

అయినను కథ ఇంతటితో ముగియలేదు. కార్ల్ లాష్లీ అను అమెరికా శాస్త్రజ్ఞుడు జీవితములో పెద్ద భాగము ఒక్క ప్రశ్నకే వెచ్చించెను: జ్ఞాపకము మెదడులో ఏ మూలనున్నది? ఎలుకలకు చిక్కుదారులు నేర్పి, మెదడు పైపొరను కొంచెము కొంచెముగా తొలగించి చూచెను. ఏ ఒక్క చోటును తీసినను నేర్చిన దారి పూర్తిగా పోలేదు. ఎంత తీసిన అంత మరపు కలిగెనే గాని, ఎక్కడ తీసినాడను దానితో పనిలేకపోయెను. 1950లో తన ఫలితములను ప్రకటించుచు, ఇదంతయు చూడగా నేర్చుకొనుట అనునదే అసాధ్యమని తేలునట్లున్నదని ఆయన పరిహాసముగా వ్రాసెను. ఆయన వద్ద పనిచేసిన కార్ల్ ప్రిబ్రామ్ దీనినుండి క్రొత్త మతమొకటి తీసెను. హోలోగ్రామ్ అను ఒక విధమైన చిత్రము కలదు. డెనిస్ గేబర్ దానిని 1947లో కనిపెట్టి 1971లో నోబెల్ బహుమానమందెను. ఆ పలకను ముక్కలు చేసినను ప్రతి ముక్కలోను మొత్తము బొమ్మ కొంచెము మసకగా కనబడును. జ్ఞాపకమును అట్లే మెదడంతటను పరచుకొని యున్నదని ప్రిబ్రామ్ మతము. బట్టల మూటలో అత్తరు సీసా పగిలినచో ఏ తాను విప్పినను వాసన వచ్చుట లేదా, అట్లన్నమాట.

ఇది వినగానే, "జీవుడు దేహమంతటను వ్యాపించి యుండునని, కుండలో పెట్టిన దీపము కుండనంతను, గదిలో పెట్టిన దీపము గదినంతను నింపినట్లు నింపునని జైన శాస్త్రములో ఎప్పుడో ఉన్నది" అని సంతోషించువారు కలరు. సంతోషము మంచిదే గాని తొందర మంచిది కాదు. ప్రిబ్రామ్ చెప్పినది మెదడను పుద్గలమును గురించి. శాస్త్రము చెప్పినది జీవుని గురించి. రెండు సరుకులకు ఒకే చీటీ అంటించరాదు.

మరికొందరు జ్ఞాపకము సంధులలో గాక కణముల లోపలనే ఉన్నదేమోనని చూచిరి. 1950ల చివరి నుండి మిచిగన్ విశ్వవిద్యాలయములో జేమ్స్ మెక్‌కానెల్, తల తెగినను క్రొత్త తల మొలచు ఒక జాతి చదును పురుగులకు పాఠములు నేర్పి పరీక్షించెను. ఆయన చెప్పిన ఫలితములు ఇతరులకు సరిగా రాక అందరును నవ్విరి. అయితే 2013లో టఫ్ట్స్ విశ్వవిద్యాలయములో యంత్రముల సహాయమున ఆ పరీక్షను మరల చేయగా, తల పోయి క్రొత్త తల వచ్చిన పురుగులు కొంచెము గుర్తు చేయగానే తక్కిన పురుగులకంటె త్వరగా పాత పాఠమును అందుకొన్నవి. 2018లో కాలిఫోర్నియాలో డేవిడ్ గ్లాన్స్‌మన్, ఒక సముద్రపు నత్తకు నేర్పిన జంకును దాని ఆర్.ఎన్.ఏ. అను పదార్థము ద్వారా నేర్పని నత్తకు ఎక్కించితినని ప్రకటించెను. అది నిజమైన జ్ఞాపకము కాదు, ఒట్టి ఉలికిపాటే అని చాలమంది శాస్త్రజ్ఞుల ఆక్షేపణ. ఈ పరీక్షలు జరిగిన విధము జైనునకు రుచింపదు. తలలు నరికి తెలిసికొన్న సత్యమును చేతులు కడుగుకొనకుండ అందుకొనుట కష్టము.

శిడ్లఘట్ట పట్టుగూళ్ళ సంత ఈ ఊళ్ళవారందరికిని తెలిసినదే గనుక ఇంకొక్క పరీక్షను చెప్పక తప్పదు. గొంగళిపురుగు గూటిలో చేరిన పిదప దాని దేహము చాల వరకు కరగి మరల కట్టుకొనును. మెదడు సైతము మారిపోవును. 2008లో జార్జిటౌన్ విశ్వవిద్యాలయమువారు పొగాకు ఆకు తిను గొంగళిపురుగులకు ఒక వాసన చూపి, వెంటనే కొద్దిగా విద్యుత్తు తాకించి, ఆ వాసన అనిన జంకునట్లు చేసిరి. బాగుగా ఎదిగిన తరువాత నేర్చిన పురుగులు రెక్కలు వచ్చి పైకి వచ్చినప్పుడును ఆ వాసనకు తొలగిపోయినవి. ఇది పట్టుపురుగు మీద చేసిన పరీక్ష కాదు. అయినను పట్టుగూళ్ళను మరుగు నీటిలో వేయునప్పుడు లోపలనున్నది ఒట్టి గుజ్జు అనుకొను అలవాటున్నవారికి ఇది కొంచెము గుండెలో గుచ్చుకొనవలసిన సంగతి. మనస్సు లేని అసంజ్ఞి జీవులకును మతిజ్ఞానము కలదని శాస్త్రము చెప్పినపుడు నవ్వినవారు ఇప్పుడు నవ్వుట తగ్గించిరి.

రోజర్ పెన్‌రోజ్, స్టువర్ట్ హామెరాఫ్ అనువారి మతము ఇంకను చిత్రమైనది. నాడీకణముల లోపలి సన్నని గొట్టములలో అణువులకంటె సూక్ష్మమైన స్థాయిలో జరుగు మార్పులే చైతన్యమునకు మూలమని వారందురు. పెన్‌రోజ్ సామాన్యుడు కాడు. 2020లో వేరొక విషయమున భౌతికశాస్త్రములో నోబెల్ పొందినవాడు. అయినను వెచ్చని, తడి మెదడులో అంత సున్నితమైన స్థితి క్షణములో కోట్లవ వంతైనను నిలువదని 2000లో మాక్స్ టెగ్‌మార్క్ లెక్కగట్టి చూపెను. వివాదము తీరలేదు.

జైన గృహస్థుడు నిలిచి ఆలోచింపవలసిన మతము వీనికంటె పాతది. 1898లో ప్రకటించిన ఒక ఉపన్యాసములో అమెరికా తత్త్వవేత్త విలియం జేమ్స్ ఇట్లనెను: మెదడు చెడిన తెలివి చెడుచున్నదనుట నిజమే, అంతమాత్రమున మెదడు తెలివిని పుట్టించుచున్నదని తేలదు. రంగు గాజు వెలుతురును పుట్టించదు, దాటనిచ్చును. గాజు మారిన వెలుతురు మారును. పల్లెటూరి లాంతరు ఎరిగినవారికి ఇది వేరుగ చెప్పనక్కరలేదు. చిమ్నీ పొగచూరినప్పుడు గది చీకటి అగును గాని వత్తి ఆరిపోలేదు.

తెలుగువారిలో ఈ త్రోవను చాల దూరము నడిచినవారు కోనేరు రామకృష్ణారావుగారు. 1932లో పుట్టి 2021లో గతించిరి. ఆంధ్ర విశ్వవిద్యాలయములో తత్త్వశాస్త్రము అభ్యసించి, అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయమున జె. బి. రైన్ వద్ద పనిచేసి, తిరిగివచ్చి 1967లో వాల్తేరులో మనస్తత్త్వ, పరామనస్తత్త్వ శాస్త్రములకు ఒక శాఖను నెలకొల్పిరి. ఆ విశ్వవిద్యాలయమునకే తరువాత ఉపాధ్యక్షులైరి. 2011లో పద్మశ్రీ వచ్చెను. వారి మతములో మెదడు, మనస్సు, చైతన్యము మూడును వేరు. మనస్సు ఒక చేత మెదడును, ఒక చేత చైతన్యమును పట్టుకొని నడుమ నిలిచియున్నది. మెదడు పక్షమున కలిగిన తెలివి ఇంద్రియముల తెలివి. చైతన్యము పక్షమున కలిగినది వేరు తెలివి. దీనిని వారు ముఖ్యముగా సాంఖ్య యోగముల నుండి గ్రహించిరి. వారు జీవితమంతయు చేసిన పరామనస్తత్త్వ పరీక్షలను ప్రపంచములోని శాస్త్రజ్ఞులలో అధికులు ఒప్పుకొనలేదు. ఒకచోట వచ్చిన ఫలితము మరియొకచోట నిలకడగా రాదని వారి అభ్యంతరము. జైనునకు అభ్యంతరము వేరొకటి. సాంఖ్యుల పురుషుడు సాక్షి మాత్రమే, చేయువాడు కాడు. జైనుల జీవుడు తెలిసికొనువాడు, చేయువాడు, అనుభవించువాడు. కర్మ పుద్గలముతో పాలు నీళ్ళవలె కలిసియున్నవాడు. కావున మెదడునకు దెబ్బ తగిలినప్పుడు "సాక్షికేమి?" అని తప్పించుకొను వీలు జైనునకు లేదు.

వెలుతురు, చిమ్నీ మతమునకు ఒక బలహీనత కలదు, దానిని దాచరాదు. ఏమి జరిగినను అది సమాధానము చెప్పగలదు. తెలివి ఉన్నచో గాజు శుభ్రముగా ఉన్నదనును, పోయినచో మసిబారినదనును. ఏ సరుకు వేసినను ముల్లు ఒకే చోట నిలుచు త్రాసును ఏ వ్యాపారియు నమ్మడు. అందుచేత, "సైన్సు ఆత్మను ఋజువు చేసినది" అని వేదికల మీద చెప్పువారి మాటను రొక్కముగా జమ కట్టుకొనరాదు. అది ఇంకను వసూలు కావలసిన పద్దు.

ఇక స్వంత పెట్టెలో ఏమున్నదో చూడవలెను. జినభద్రగణి క్షమాశ్రమణుల విశేషావశ్యక భాష్యములో గణధరవాదమను భాగము కలదు. భగవాన్ మహావీరుని పదునొకండుగురు గణధరులలో మూడవవాడు వాయుభూతి. ఆయన సందేహము సరిగా ఆ చింతామణి కుమారుని సందేహమే: శరీరమే జీవుడా, జీవుడు వేరా? అందు చెప్పిన యుక్తి జ్ఞాపకమునే ఆధారముగా చేసికొన్నది. ఐదు కిటికీలున్న ఇంటిలో నిలిచి బయటి వింతలు చూచినవాడు, కిటికీలు మూసిన తరువాతను వానిని తలచుకొనుచున్నాడు. కనుక చూచినవాడు కిటికీ కాడు. అట్లే కన్ను పోయినవాడు తాను చూచిన రంగులను తలచుకొనుచున్నాడు. కనుక తెలిసికొన్నవాడు కన్ను కాడు.

ఎంత చక్కని యుక్తి! కాని నేటి ప్రతివాది ఇక్కడ ఊరకుండడు. "కిటికీలు మూసినను తలచుకొనుచున్నాడన్నారు. ఇదిగో, ఈ ముసలివాడు తలచుకొనుట లేదు. తలచుకొనుట కూడ ఒక కిటికీయే, అది మెదడులో ఉన్నది, అదియు మూతపడినది. ఇక లోపలనున్నవాడెవడు?" అని అడుగును. ఈ ప్రశ్న బలమైనది. దీనికి కోపముతో జవాబు చెప్పరాదు.

జైన సిద్ధాంతము ప్రతివాది మాటలో సగమును మొదటనే ఒప్పుకొన్నది. ద్రవ్యమనస్సు పుద్గలమే అని శాస్త్రము. మతిజ్ఞానము నాలుగు మెట్లుగా కలుగును: అవగ్రహము, ఈహ, అవాయము, ధారణ. ఏదో తగిలినదని తెలియుట, ఏమై యుండునని విచారించుట, ఇదియే అని నిశ్చయించుట, దానిని నిలుపుకొనుట. తెలుగువారి అవధానములో చివర పద్యములన్నియు ఒప్పజెప్పుటకు ధారణ అనియే పేరుండుట గమనింపదగినది. జ్ఞాపకమును ప్రమాణముగా ఇతర దర్శనములవారు ఒప్పుకొనకున్నను, అకలంకాదులైన జైన తార్కికులు ఒప్పుకొనిరి. అంత విలువ ఇచ్చియు జ్ఞాపకమును జీవుడనలేదు. అది జ్ఞానమను గుణమునకు ఒక పర్యాయము. పర్యాయము వచ్చును, పోవును. జ్ఞానావరణీయ కర్మ యొక్క క్షయోపశమమును బట్టి ఎక్కువ తక్కువలగును. రెండవ గణధరుడైన అగ్నిభూతితో సంవాదములో, రూపము గల కర్మ రూపము లేని జీవుని ఎట్లు బాధించునను ప్రశ్నకు సమాధానముగా మద్యమును చూపిరి. త్రాగినది ద్రవము, చెడినది తెలివి. మందు తిన్న తెలివి తేరును. కనుక శరీరములోని మార్పు తెలివిని మార్చునన్న సంగతి క్రొత్తగా కనిపెట్టినదియు కాదు, జైనుని ఓడించునదియు కాదు.

ఇక్కడ ఒక లౌకికమైన మాట. మందు చేత తెలివి తేరునని శాస్త్రమే చెప్పుచుండగా, పెద్దలకు మరపు వచ్చినప్పుడు "కర్మ" అని కూర్చుండుట సోమరితనమే. థైరాయిడ్ లోపము చేతను, బి-12 అను జీవసత్త్వము తక్కువగుట చేతను మరపు కలుగుట ఉన్నది. ఆ బి-12 శాకాహారులకు ముఖ్యముగా పాలు పెరుగుల వలననే వచ్చును. అవి తగ్గించిన వృద్ధులలో లోపము కలుగవచ్చును. రక్తపరీక్షతో తెలియును, మందుతో చాల వరకు సరియగును. ముందుగా వైద్యునికి చూపి, పిమ్మట తత్త్వము మాట్లాడుట మేలు.

ఆ ముసలాయనకు వైద్యులు చూచినారనుకొనుడు. మందుతో తిరుగునది కాదనిరి. 1906లో అలోయిస్ ఆల్జ్‌హైమర్ వర్ణించిన జబ్బే అనిరి. అప్పుడు నందీ సూత్రము చెప్పిన మాట అవసరమగును. (ఈ నందికిని చిక్కబళ్ళాపురము దగ్గరి నంది కొండకును పేరులో తప్ప సంబంధము లేదు.) ఎంత గాఢమైన ఆవరణము కమ్మినను, ప్రతి జీవునిలోను జ్ఞానము యొక్క అనంతతమ భాగమొకటి ఎల్లప్పుడును తెరచియే యుండును. అదియు కప్పబడినచో జీవుడు అజీవుడగును, అది జరుగదు. ఎంత దట్టమైన మబ్బు పట్టినను పగలు పగలుగానే తెలియును గదా అని అక్కడి ఉపమానము. శ్రావణ మాసములో మబ్బు మూసిన నాడు కొట్టులో లైటు వేసికొనవలసి వచ్చినను, అది రాత్రి అని ఎవరును కొట్టు కట్టివేయరు.

దీనికి ఋజువు అని కాదు గాని, ప్రక్కన పెట్టి చూడదగిన చరిత్ర ఒకటి కలదు. హెన్రీ మొలైసన్ అను అమెరికావాడు మూర్ఛరోగముతో బాధపడుచుండగా, 1953లో, 27వ ఏట, మెదడులో ఇరువైపులను హిప్పోకాంపస్ అను భాగమును చాల వరకు తీసివేసిరి. మూర్ఛ తగ్గినది. కాని ఆనాటి నుండి క్రొత్త సంగతి ఏదియు ఆయన వద్ద నిలువలేదు. బ్రెండా మిల్నర్ అను విదుషీమణి ఏండ్ల తరబడి వచ్చి పరీక్షించుచుండగా, వచ్చిన ప్రతిసారియు ఆమె ఆయనకు క్రొత్త మనిషియే. ఆమె ఒకనాడు అద్దములో చూచుచు నక్షత్రపు బొమ్మ గీత వెంట పెన్సిలు నడపుమని చెప్పెను. మొదట తప్పులు. మూడు దినములలో చేయి చక్కగా తిరిగెను. మూడవ దినమున, "ఇదివరకు ఎప్పుడైన చేసినారా?" అనిన, లేదనెను. చేయి ఎరుగును, మనిషి ఎరుగడు! 2008లో చనిపోవువరకును ఆయన మర్యాద తెలిసిన మనిషిగానే, పరిహాసములాడుచు, అడిగిన పరీక్షకెల్ల ఒప్పుకొనుచు బ్రతికెను. చిట్టాలో క్రొత్త పుట ఒక్కటియు వ్రాయబడకుండనే ఏబదియైదేండ్లు. ఒక చోట మూసిన తెలివి మరియొక చోట తెరచియున్నదని మాత్రము దీనివలన చెప్పవచ్చును. అంతకు మించి చెప్పిన తూకము తప్పును.

గత జన్మల జ్ఞాపకమును గురించి అడుగువారు తప్పక ఉందురు. మేఘకుమారుని కథ ప్రతి ఇంటను తెలిసినదే. శ్రేణిక మహారాజు కుమారుడు, దీక్ష పుచ్చుకొన్న మొదటి రాత్రియే తోటి సాధువుల కాళ్ళు తగిలి నిద్రలేక విసిగినాడు. భగవంతుడు అతని పూర్వజన్మమును తెలిపెను. అడవి కాలినప్పుడు గోకుకొనుటకు కాలెత్తిన ఏనుగు, ఆ చోట చేరిన కుందేలు నలుగునని రెండున్నర దినములు కాలు దింపక నిలిచినది. అది విని అతనికి జాతిస్మరణము కలిగెను. ఇది ఆగమ విషయము. నేటి విషయమునకు వచ్చిన, బెంగుళూరు నిమ్‌హాన్స్ సంస్థలో సత్వంత్ పస్రిచాగారు పూర్వజన్మము చెప్పు పిల్లలను గురించి విచారించి 1990లో గ్రంథము ప్రకటించిరి. నమ్మిక ముందే గల ఇండ్లలో పిల్లవాని మాటకు పెద్దలు తెలియకయే అతుకులు వేయుదురని విమర్శకులందురు. ఆ మాటలో కొంత నిజము లేకపోలేదు.

రత్నవ్యాపారియైన శ్రీమద్ రాజచంద్రులకు ఏడవ ఏట జాతిస్మరణము కలిగెనని సంప్రదాయము. 1887లో బొంబాయిలో వారు శతావధానము చేసిరి. 1891లో గాంధీమహాత్ముడు విలాయతి నుండి వచ్చి వారిని కలిసికొని, తనకు తెలిసిన పరభాషల మాటలన్నియు ఏకరువు పెట్టగా, వరుస తప్పకుండ తిరిగి చెప్పిరి. అయినను తనను లోబరచుకొన్నది ఆ జ్ఞాపకశక్తి కాదనియు, వారి నిర్మలమైన నడవడి, శాస్త్రజ్ఞానము, ఆత్మదర్శనము కొరకు పడు తపన అనియు గాంధీజీ వ్రాసిరి. నూరు సంగతులు నిలుపుకొనగలిగిన ఆ రాజచంద్రులును తరువాత అవధానములు మానివేసిరి.

చింతామణి ఇంటి సంగతి మిగిలినది. కోడలి ప్రశ్నకు ప్రత్యాఖ్యాన పాఠములోనే జవాబున్నది. వ్రతము పుచ్చుకొనునప్పుడే కొన్ని మినహాయింపులు చెప్పుకొందురు. ఆగారములని వానికి పేరు. వానిలో మొదటిది అనాభోగము, అనగా మరపు. మరచి నోట వేసికొన్న వ్రతము భంగము కాదు. రోగబాధలో చిత్తశాంతి కొరకును ఒక ఆగారమున్నది. ఆ పాఠమును కట్టిన పెద్దలు మరచువానిని వ్రతము బయటికి తోసివేయలేదు. వ్రతములోనే ఆయనకు చోటు పెట్టిరి. అయితే అడిగినవానికి మరపు ఉన్నను పెట్టుదానికి మరపు లేదు గనుక, ఆమె ఈ సంగతిని ఊరికి వచ్చిన సాధ్వీజీని అడిగి తెలిసికొనుటయే మంచిది. ఈలోగా ఆమె పొద్దు వ్రాలుటకు కొంచెము ముందుగానే చివరి భోజనము పెట్టుచు, రాత్రి అడిగినప్పుడు, "రండి మామయ్యా, నవకారు చెప్పుకుందాం" అని చేయి పట్టుకొనుచున్నది. మొదటి పదము ఆమె అందించిన, తక్కినవి ఆయన తప్పు లేకుండ చెప్పుచున్నాడు. ఒకొక్క రాత్రి ఆకలి సంగతి మరచును, ఒకొక్క రాత్రి మరవడు.

సంవత్సరి మరునాడు బాగేపల్లి భాగస్థుడు రానేవచ్చెను. కుమారుడు వలదనలేకపోయెను. ముసలాయన గుర్తింపలేదు. వచ్చినవాని చొక్కా చేతిని బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ నలిపి చూచి, "నూలు మంచిది" అనెను. భాగస్థుడు చేతులు జోడించి, పాత మాటలకు, పంపకములో జరిగిన దానికి, మిచ్ఛామి దుక్కడం అనెను. ముసలాయన ఒక నిమిషము చూచి, తానును చేతులు జోడించి అదే మాట అనెను.

"అది నోటి అలవాటు," అని కుమారుడు తరువాత భార్యతో అనెను. కావచ్చును. కాదని చెప్పుటకు ఏ కొలబద్దయు లేదు. ఇరువదేండ్లుగా భాగస్థుని గుండెలో నిలువయున్న కషాయము మాత్రము ఆనాడు కొంత దిగినది. అది అలవాటు కాదు. బస్సు వేళయి ఆయన లేచి చెప్పులు తొడుగుకొనుచుండగా ముసలాయన, "మీరెవరు?" అని అడిగెను. ఆయన మరల కూర్చుండి తన పేరు, తండ్రి పేరు, ఊరు చెప్పెను.